గన్నేరు: ఒక యర్థవిచారము

మన నిఘంటువులను, కావ్యటీకలను జదువువారికి “వృక్షవిశేషము”, “పుష్పవిశేషము” అను మాటలు చిరపరిచితములు. టీకాకారుఁడు చెట్టు నెఱుఁగనపుడు గాని, యెఱిఁగియు వివరింప ననావశ్యకమని తలఁచినపుడు గాని యీ మాటతోఁ దృప్తిపడును. పెక్కు శబ్దములయెడ దీనివలన గొప్ప హాని లేదు. కొన్ని చెట్లవిషయమున మాత్ర మీ యుపేక్షవలన నష్టము రెండు విధములఁ గలుగుచున్నది. ఒకటి కావ్యార్థహాని; రెండవది ప్రాణహాని. ఇందులకు గన్నేరు తగిన యుదాహరణము.

గన్నేరునకు సంస్కృతమునఁ గరవీరమని ప్రసిద్ధనామము. అమరసింహుఁడు వనౌషధివర్గమున దీనికిఁ బ్రతిహాసము, శతప్రాసము, చండాతము, హయమారకము అను పర్యాయములను గూడఁ జెప్పెను. హయమారక మనఁగా గుఱ్ఱములను జంపునది. వైద్యగ్రంథములలోని యశ్వమారకశబ్దమునకు నిదియే యర్థము. పారసీకభాషలో దీని పేరు “ఖర్‌జహ్రా”, అనఁగా గాడిదవిషము. పశువు లీ యాకు మేసి చచ్చుటను జూచిన జనులు వేర్వేఱు దేశములందు నొకేతీరునఁ బేరు పెట్టిరి. సుశ్రుతసంహిత కల్పస్థానమున, ద్వితీయాధ్యాయమున, అశ్వమారము మూలవిషము లెనిమిదింటిలో నొకటిగాఁ బరిగణింపఁబడినది. రసశాస్త్రజ్ఞులు కరవీరము నుపవిషములలోఁ జేర్చిరి. కావునఁ బూర్వులకుఁ జెట్టుయొక్క పేరే హెచ్చరికగా నుండెను. “ఒకానొక పూలచెట్టు” అని మనము వ్రాయునప్పటి కా హెచ్చరిక లోపించినది.

ఇఁకఁ గావ్యార్థము. మృచ్ఛకటికమున దశమాంకమందుఁ జారుదత్తుని వధ్యస్థానమునకుఁ గొనిపోవునపుడు వాని మెడలోఁ గరవీరమాల యుండును. దీనికిఁ “బూలమాల” యని మాత్రమే యర్థము చెప్పినచో విద్యార్థి యది సత్కారార్థమైన మాలయని భ్రమించును. లేదా యలంకారమాత్రమని విడిచిపెట్టును. అది వధ్యునకు వేయు గుఱుతు. ఆ మాలను జూచినంతనే ప్రేక్షకునకు మరణము స్ఫురింపవలెను. ఇట్లుండఁగా నదే కరవీరము శివునకును దేవికిని బూజాపుష్పము. మృత్యుచిహ్నమును దేవతార్చనయు నొక్క పువ్వునందే యిమిడియుండుట విరోధము కాదు. అర్చించుట వేఱు, భుజించుట వేఱు. 2024 సంవత్సరము మే నెలలోఁ గేరళమునందలి తిరువాన్కూరు దేవస్వము బోర్డు, మలబారు దేవస్వము బోర్డు తమ యాలయములలో నైవేద్యప్రసాదములయం దీ పూవును వాడరాదని నిర్ణయించినవి. ప్రాచీననామములలో దాఁగియున్న వివేకమే యీ నిర్ణయమున మరల వెల్లడియైనది.

తెలుఁగున మఱియొక చిక్కు కలదు. “గన్నేరు” అను నొక్క పేరు నేఁడు నాలుగుజాతులకుఁ జెల్లుచున్నది. మొదటిది కరవీరము, వృక్షశాస్త్రజ్ఞుఁడు లిన్నేయసు 1753లో దీనికి “నేరియం ఓలియాండరు” అని పేరిడెను. రెండవది పచ్చగన్నేరు, పసుపువన్నె గల గంటవంటి పూవు దీనిది. మూఁడవది దేవగన్నేరు. నాలుగవది బిళ్ళగన్నేరు. వీనిలో మొదటిది మాత్రమే మన దేశమునఁ బ్రాచీనకాలమునుండి యున్నది. పచ్చగన్నేరును దేవగన్నేరును అమెరికాఖండమున జనించినవి. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపమునది. పచ్చగన్నేరుజాతికి “థెవెటియా” అను నామము 16వ శతాబ్దమునఁ బ్రెజిలు దేశమునకుఁ బోయిన ఆంద్రే తెవే యను ఫ్రెంచి సన్న్యాసినిబట్టి వచ్చినది. కొలంబసు యాత్ర 1492లో జరిగినది. దానికిఁ బూర్వమందలి కావ్యములలోని గన్నేరునకుఁ బచ్చగన్నేరని యర్థము వ్రాయుట కాలవిరుద్ధము. భావప్రకాశమునఁ గరవీరము తెలుపు, ఎఱుపు అని రెండు విధములుగాఁ జెప్పఁబడినది. పూర్వగ్రంథమున నెచ్చటనైనఁ బీతకరవీరము కానవచ్చినచో నది వేఱొక వృక్షమో, కరవీరమునందే వేఱొక వన్నెయో యని విచారింపవలెను గాని, పెరటిలోని పచ్చగన్నేరును జూపి యర్థము ముగింపరాదు.

“గన్నేరుపప్పు” అను మాట యిచ్చట విచారింపఁదగినది. జనవ్యవహారమున నిది విషమునకు మాఱుపేరు. కరవీరపుఁగాయ సన్ననై పొడవుగా నుండి, యెండి పగిలి, నూఁగుతోఁ గూడిన చిన్నగింజలను జిమ్మును. అందుఁ బప్పనఁదగినది లేదు. పప్పు గలది పచ్చగన్నేరుకాయ. దాని గట్టి టెంకలోని గింజయే గన్నేరుపప్పు. కాఁబట్టి యీ మాట క్రొత్త చెట్టు వచ్చిన తరువాతఁ బుట్టినదని యూహింపవచ్చును. పండితులు “పుష్పవిశేష” మని విడిచిన చోటఁ బామరులు విషభాగమును గుర్తించి పేరు పెట్టిరి. నిఘంటుకారుఁ డీ విషయమున జనులకు శిష్యుఁడు కావలెను.

ఈ రెండు గన్నేరులయందును వేరు, ఆకు, పూవు, గింజ, పాలు అన్నియు విషములే. కరవీరమున నోలియాండ్రిను, పచ్చగన్నేరున థెవెటిను మున్నగు ద్రవ్యములు గుండెకండరమందలి సోడియము, పొటాసియముల రాకపోకలను జెఱచి నాడీగతిని దప్పించును. ఆకు లెండినను విషము పోదు. కొమ్మలను గాల్చిన పొగయు మంచిది కాదు. బిళ్ళగన్నేరు కథ వేఱు. 1958లో దానినుండి విన్‌బ్లాస్టిను వేఱుచేయఁబడినది. అందుండియే లభించిన విన్‌క్రిస్టిను 1963లో నమెరికాలో రక్తార్బుదచికిత్స కంగీకరింపఁబడినది. వైద్యు లవి కొలఁది యెఱిఁగి యిత్తురు. ఆ కీర్తిని విని మధుమేహమునకై పచ్చియాకులను నమలుట యపాయకరము. దేవగన్నేరుపాలు చర్మమునకు దురద పుట్టించును. పేరొక్కటియైనను గుణము లిట్లు భిన్నములు.

“చెట్ల గుణదోషములు వైద్యుఁడు చెప్పవలెను, సాహిత్యపండితున కేల?” యని కొంద ఱాక్షేపింపవచ్చును. హయమారకశబ్దమును జెప్పినవాఁడు వైద్యుఁడు కాఁడు, కోశకారుఁడు. శబ్దార్థమును జెప్పుట మన పనియైనపు డా శబ్దమునందే యున్న విషమును దాఁచుట యర్థమును సగము చెప్పుటయే. కావున నిట్టి టీక యుండవలెనని నా యభిప్రాయము: “కరవీరము: గన్నేరు. తెల్లని, యెఱ్ఱని పూవులు గలది. సర్వాంగములు విషము. పూజార్హము, భక్ష్యము కాదు. నాటకములందు వధ్యమాలకు వాడఁబడినది. పచ్చగన్నేరు దీనికంటె వేఱు.” ఇది రెండు పంక్తులకు మించదు.

గన్నేరు నీరు తక్కువైనను బ్రదుకును. పశువులు సాధారణముగా ముట్టవు. ఏఁడాదిలోఁ బెక్కునెలలు పూయును. అందుచే రహదారులనడుమను, పాఠశాలల దడులందును దీనిని నాటుచున్నారు. నఱికివేయుఁడని నేను జెప్పను. పసిబిడ్డ లాడుకొనుచోటను, పశువుల మేఁత చేరుచోటను నాటరాదు. కొమ్మలు కత్తిరించినవారు చేతులు కడుగుకొనవలెను. ఎవరైన నే కొంచెము మ్రింగినను ఇంటివైద్యముతోఁ గాలము పుచ్చక వెంటనే యాసుపత్రికిఁ గొనిపోవలెను. పండితుఁడు కరవీరశబ్దమును బోధించునాఁడు విద్యార్థులను బాఠశాలతోఁటలోని కొకసారి పిలుచుకొనిపోయి, చెట్టును జూపి, యమరమందలి పర్యాయములను జెప్పించి, హయమారకపదమున కర్థ మడిగినచోఁ గావ్యపాఠమును బ్రాణరక్షయు నొక్కమాఱే సిద్ధించును.