త్యాగరాజ కృతి, రవీంద్ర గీతం: మలంచాలో ఒక శ్రవణమార్గం

‘మలంచ’ అంటే వంగభాషలో పూలతోట. 1934లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ పేరుతో ఒక నవలను వెలువరించారు. ఖరగ్‌పూర్ రైలుపట్టణంలో ఒక వాడకూ అదే పేరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువులకై 19వ శతాబ్ది చివరినుండి తెలుగు కుటుంబాలు ఈ పట్టణానికి తరలివచ్చి స్థిరపడ్డాయి. ఇట్టి చోట త్యాగరాజ కీర్తన, రవీంద్ర సంగీతం ఇరుగుపొరుగు సంప్రదాయాలు. ఈ సామీప్యం కొత్త కృతులను వెదికి వినదలచిన శ్రోతకు పెన్నిధి వంటిది.

త్యాగరాజస్వామి (1767–1847) కృతులు నేడు సుమారు 700 లభిస్తున్నాయి. అయినా ఆరాధనోత్సవాలలో శ్రోతల ఆసక్తి ప్రధానంగా నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల పంచరత్నాల చుట్టూనే పరిభ్రమిస్తున్నది. వాటి ఔన్నత్యం నిర్వివాదం. కాని తెలిసినదానినే మరల మరల వినడంతో తృప్తిచెందే శ్రోతకు మిగిలిన సంపద అపరిచితంగానే ఉండిపోతుంది.

ఆ పరిధిని దాటే మార్గాన్ని రవీంద్రులే చూపారు. దక్షిణాదినుండి శాంతినికేతనానికి విద్యార్థినిగా వచ్చిన సావిత్రి పాడిన కర్ణాటక కృతులను ఆలకించి, ఆ వరుసలలో ఆయన వంగగీతాలు రచించారు. త్యాగరాజు పేర ప్రచారంలో ఉన్న ‘నీదు చరణములే’ అనే సింహేంద్రమధ్యమ కృతి ‘బాజే కరుణ సురే’గా రూపొందింది. తోడిలోని ‘బృందావనలోల’ నుండి ‘నీలాంజన ఛాయా’, దీక్షితుల ‘మీనాక్షి మే ముదం’ నుండి ‘బాసంతీ హే భువనమోహినీ’ అవతరించాయి. ఇటువంటి రచనలను బెంగాలీలు ‘భాంగా గాన్’ అంటారు. ‘విరిచిన పాట’ అని దాని అర్థం.

ఈ మార్పులో పోయినదేమి, వచ్చినదేమి? కృతిలో సంగతులు ఒకదానిపై ఒకటి పెరుగుతాయి. నెరవుకు, కల్పనాస్వరానికి గాయకునికి అవకాశం ఉంటుంది. రవీంద్రగీతంలో ఆ స్వేచ్ఛ లేదు. రచయిత నిర్ణయించిన స్వరలిపియే ప్రమాణం. మనోధర్మానికి అలవాటుపడిన చెవికి ఇది లోటుగా తోచడం సహజం. అయితే విస్తరణ తగ్గినకొద్దీ పదం ముందుకు వస్తుంది. రాగం ఆ పదానికి నీడగా నడుస్తుంది. సింహేంద్రమధ్యమంలోని ప్రతిమధ్యమం, శుద్ధధైవతం కలిగించే ఆర్తి కృతిలో శరణాగతిగా, గీతంలో విరహంగా పరిణమిస్తుంది. ఒకే రాగం రెండు హృదయాలను పలికించగలదన్న సత్యం రెండింటినీ వెంటవెంటనే విన్నవారికే బోధపడుతుంది.

ఎదురుదిశలోనూ రాకపోకలు జరిగాయి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) రవీంద్రగీతాలను బెంగాలీలోనే ఆలపించారు. నాలుగే స్వరాలతో మహతి, లవంగి వంటి రాగాలను కల్పించిన ఆ విద్వాంసుడు పొరుగు సంగీతానికి చెవి ఒగ్గడం గమనార్హం.

ప్రవాసాంధ్రులకు ఈ విషయం వినోదమాత్రం కాదు. ఇంట తెలుగు పలుకుతూ, బడిలో అన్యభాషలు చదివే తరానికి లిపి దూరమైతే, కృతిలోని సాహిత్యం కేవలం నాదంగా మిగిలే ప్రమాదముంది. త్యాగరాజు రాముని నిలదీసినా, వేడుకొన్నా అది తెలుగు నుడికారంలోనే. ఆ పలుకుబడి అందనిచో రసాస్వాదన సగమే. కాబట్టి మలంచా వంటి చోట్ల ఆరాధనసభలలో పంచరత్నాల పిమ్మట ‘బృందావనలోల’ను అర్థవివరణతో వినిపించి, వెనువెంటనే ‘నీలాంజన ఛాయా’ను పొరుగు గాయకులచేత పాడించడం ఉచితం. తెలుగు బాలలకు తమ భాష, వంగ శ్రోతలకు తమ గీతం యొక్క మూలం ఒకే వేదికపై లభిస్తాయి.