పుట్టి మునగకుండా

ఎవరైనా ఊరికే కంగారు పడితే "ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అంటాం. పుట్టిని, అంటే వెదురు బుట్టలాంటి గుండ్రని పడవను, దగ్గర నుంచి చూస్తే, అది అంత తేలిగ్గా మునిగే వస్తువు కాదని తెలుస్తుంది.

గురజాల నుంచి దైద వైపు వెళ్తే కృష్ణ తగులుతుంది. పల్నాటి కృష్ణ రాళ్ల నది. వేసవిలో నీళ్లు తగ్గితే బండలు బయటపడతాయి. లోతుగా మునిగే పడవకు ఇక్కడ అడుగడుగునా గండమే. ఇలాంటి చోటికే పుట్టి పుట్టింది.

పచ్చి వెదురును బద్దలుగా చీలుస్తారు. ఎండితే వంగమంటే విరుగుతుంది. బద్దల్ని నేలమీద మూడు దిక్కులుగా పరిచి, ఒకదాని కింద ఒకటి దూర్చి అల్లితే ఆరు మూలల కన్నులు పడతాయి. పనితనమంతా ఇక్కడే ఉంది. రెండు దిక్కుల అల్లిక నాలుగు మూలల కన్నునిస్తుంది, లాగితే ఒక పక్కకు వాలిపోతుంది. మూడో దిక్కు బద్ద అలా వాలకుండా ఆపేస్తుంది. మేకు లేదు, బంక లేదు. నడుమ రాళ్లు బరువు పెట్టి (పల్నాటిలో రాళ్లకు కరువా!) చుట్టూ మిగిలిన కొసల్ని పైకి వంచి, గోడ అల్లి, అంచుకు లావుపాటి బద్దల కట్ట బిగిస్తారు. వంచిన వెదురు విచ్చుకోవాలని చూస్తుంది, అంచు పట్టి ఆపుతుంది. ఆ పెనుగులాటే పుట్టికి బిగువు.

ఇలా గిన్నె ఆకారం తేవడమే అల్యూమినియం పలకలతో పడవ కట్టేవాళ్లకు పెద్ద చిక్కు. ఇనుములో మూడో వంతు బరువే అయినా, పలకను కాగితంలా ఒక వైపుకే చుట్టగలం. గిన్నెలా రెండు వైపులా వంచాలంటే సాగగొట్టాలి, లేదా ముక్కలు కోసి అతకాలి. అందుకే ఆ పడవలకు పక్కల్లో గట్టులాంటి మూలలు కనిపిస్తాయి. అల్లికకు ఆ బాధ లేదు, బద్దలు కాస్త జరిగి గిన్నె ఆకారానికి వచ్చేస్తాయి.

పైన ఒకప్పుడు తోలు కప్పేవారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద బుట్టల్లాంటి గుండ్రని తోలు పడవలు పదిహేను, ఇరవై మందిని మోసేవని రాశాడు. అవి తిన్నగా పోలేక గిర్రున తిరుగుతాయనీ గమనించాడు. ఇప్పుడు తోలు బదులు ప్లాస్టిక్ పట్టా, తారు.

గుండ్రంగానే ఎందుకు? ఒకే చుట్టుకొలతకు ఎక్కువ చోటిచ్చేది వృత్తమే. తోలు ఖరీదైన రోజుల్లో అది చిన్న లెక్క కాదు. అడుగుభాగం ఏడడుగుల వెడల్పుంటే, అంగుళం మునిగినందుకే దాదాపు 90 కిలోలు మోస్తుంది. ఇద్దరు మనుషులు, వలలు, చేపలు ఎక్కినా నాలుగైదు అంగుళాల నీళ్లు చాలు. బండ తగిలితే వెదురు లోపలికి నొక్కుకుని మళ్లీ లేస్తుంది.

లోపం లేదనను. ఎదురుగాలికి నిలవదు, తెడ్డు పక్కన వేస్తే ఉన్నచోటే తిరుగుతుంది. అందుకే నడిపేవాడు ముందువైపు కూర్చుని, నీటిని తనవైపు లాక్కుంటూ సాగుతాడు. ఒడ్డు చేరాక, చిన్న పుట్టి అయితే, దాన్ని తలమీద బోర్లించుకుని ఇంటికి నడిచిపోతాడు.