వెనక కాలి కింద మట్టి

మా రామచంద్రపురంలో సాఫ్ట్‌బాల్ ఆడతామని కొత్తగా వచ్చే ఆడపిల్లలు దాదాపు అందరూ క్రికెట్ చేతుల్తోనే వస్తారు. బ్యాటు నిలువుగా దిగుతుంది, ముందు మోచెయ్యి పైకి లేస్తుంది. వీధిలో అన్నదమ్ములతో ఆడి నేర్చుకున్న విద్య అది. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. క్రికెట్ బంతి నేల మీద పడి లేస్తుంది కాబట్టి అక్కడ అది సరైనదే. సాఫ్ట్‌బాల్ నేలని తాకదు. కొట్టాల్సిన బంతి మోకాళ్ళకీ చంకలకీ మధ్య గాల్లోనే వస్తుంది. దాని దారిలోకి బ్యాటు అడ్డంగా రావాలి.

మహిళల ఆటలో పిచ్చరు 43 అడుగుల దూరం నుంచి వేస్తుంది. గంటకు 96 కిలోమీటర్ల వేగంతో వేస్తే బంతి రావడానికి అర సెకను కూడా పట్టదు. ఆ లోపలే చూడాలి, తేల్చుకోవాలి, తిప్పాలి. చేతులు ముందే బారుగా చాచేసిన పిల్లకి బ్యాటు పెద్ద చుట్టు తిరిగి వస్తుంది. అప్పటికి బంతి క్యాచరు గ్లవ్‌లో ఉంటుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా ఉంటే చుట్టు చిన్నదవుతుంది.

ఇదంతా తెలిసీ నేను చాలాకాలం "చెయ్యి తిప్పమ్మా, చెయ్యి!" అనే అరిచాను. అరిచేకొద్దీ వాళ్ళ భుజాలు బిగుసుకుపోయేవి. తప్పు పిల్లలది కాదు, నా మాటది. చేతుల పేరెత్తితే ధ్యాసంతా చేతుల్లోకే పోతుంది.

నాకు దారి చూపింది విసురువల. వేసవిలో కాలవలు కట్టేశాక మడుగుల్లో చేపలు పట్టేవాళ్ళుంటారు. ఒక సాయంత్రం గట్టు మీద నిలబడి ఒకాయన్ని చూశాను. వెనక కాలి మీద బరువు వేసుకున్నాడు. ముందు కాలు మోపాడు. నడుం తిరిగింది, దాని వెనకే భుజం, అన్నిటికంటే ఆఖర్న చేతులు. వల గుండ్రంగా విచ్చుకుని పడింది. ఒట్టి చేతుల బలంతో విసిరితే ముద్దలా పడేది.

మర్నాడు ఆ సంగతి చెబితే, "మా నాన్న అలాగే ఏత్తాడండీ మాస్టారూ" అంది ఆరో తరగతి పిల్ల. బ్యాటు పక్కన పెట్టించి, లేని వలని విసరమన్నాను. విసిరింది. ఆ నడుం తిరిగిన తీరు చూసి మిగతావాళ్ళు కూడా వరస కట్టారు.

తర్వాత గోడ పని. గోడకి బ్యాటంత దూరంలో నిలబడి, గోడని తాకకుండా తిప్పాలి. చేతులు చాస్తే బ్యాటు గోడకి కొట్టుకుంటుంది. ఇక నేను అరవక్కర్లేదు. బంతి నిలిపే టీ కూడా మేమే చేసుకున్నాం: ఇసుక పోసిన పెయింటు డబ్బా, పీవీసీ గొట్టం, పైన సైకిల్ ట్యూబు ముక్క. 1887లో షికాగోలో ఈ ఆట పుట్టినప్పుడు బంతి చుట్టి కట్టిన బాక్సింగ్ గ్లవ్, బ్యాటు చీపురు కర్ర. పరికరాలు లేవని పిల్లల్ని వెనక్కి పంపడం నాకు అందుకే ఇష్టం ఉండదు.

ఇప్పుడు బంతి ఎంత దూరం పోయిందో నేను చూడను. పిల్ల పరుగెత్తాక, వెనక కాలు ఆనిన చోట మట్టి చూస్తాను. మునివేళ్ళ మీద కాలు తిరిగితే అక్కడ చిన్న గుంట పడుతుంది. చేతుల్తోనే కొడితే పాదం అచ్చు కదలకుండా ఉంటుంది. మొన్న ఆ వలవేసేవాడి కూతురు బంతిని అసలు తాకించలేకపోయింది. అయినా వంగి, తన కాలి కింద చూసుకుని, "గుంట పడిందండీ" అని పిలిచింది.