ఎపాక్సీ పోత వోల్టేజి బోర్డును కాపాడునా?

వోల్టేజిని తగ్గించు చౌక బోర్డులపై ఎపాక్సీ పోసి దిమ్మలుగా చేయుట ఎలక్ట్రానిక్స్ అభిరుచి గలవారిలో కనబడు అలవాటు. తేమ, దుమ్ము, అదురు సోకకుండ పోత కాపాడుననుట నిజమే. కాని పరీక్షింపని బోర్డుపై పోసిన పోత లోపములను పోగొట్టదు, దాచును.

ఉదాహరణకు ఎల్.ఎం. 2596 చిప్పుగల బోర్డును తీసికొందము. అది 12 వోల్టులను 5 వోల్టులకు దించి 2 ఆంపియర్లు ఇచ్చుచున్నదనుకొందము. బయటికి వచ్చునది 10 వాట్లు. దక్షత నూటికి 80 అయినచో లోనికి 12.5 వాట్లు పోవలెను. తక్కిన 2.5 వాట్లు బోర్డులోనే వేడియగును. సాధారణ ఎపాక్సీ ఉష్ణవాహకత అల్యూమినియముదానిలో సుమారు వెయ్యవ వంతు మాత్రమే. దళసరి దిమ్మలో ఆ వేడి నిలిచి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ల ఆయుర్దాయమును తగ్గించును.

వోల్టేజిని సరిచేయు మరలోనికి ఎపాక్సీ చొరబడినచో స్పర్శ చెడవచ్చును. అప్పుడు 5 వోల్టుల పరికరముపై దాదాపు 12 వోల్టులు పడు ప్రమాదము కలదు. ఎపాక్సీకి బదులు స్నానపుగది సిలికోను పూయువారును కలరు. అందులో పుల్లని వాసన గల రకము గట్టిపడునపుడు ఎసిటిక్ ఆమ్లమును విడుచును. అది రాగిని తినివేయును.

కావున ముందుగా బోర్డును పూర్తి భారముతో కొన్ని గంటలు నడిపి వేడిని కొలువవలెను. సరిచేయు మరకు బదులు స్థిర నిరోధమును అతుకవలెను. పిమ్మట చాలచోట్ల పలుచని ఆక్రిలిక్ వార్నీషు చాలును. మరమ్మతు వచ్చినచో దానిని ద్రావణితో తొలగింపవచ్చును. నీరు తగులు చోట పోత తప్పనిసరియైనచో, చిప్పు వేడిని గ్రహించు లోహపు పలక దిమ్మ వెలుపలికి వచ్చునట్లు అమర్చవలెను. పోత చివరి పని కావలెనే గాని, పరీక్షకు బదులు కారాదు.