నలభైకీ నలభై ఒకటికీ మధ్య

రమ్మీ బాగా ఆడేవాళ్లు ఊరికి పదిమంది దొరుకుతారు. స్కోరు బాగా రాసేవాడు ఒక్కడు దొరికితే ఆ ఊరి అదృష్టం. చిట్కుల్, ఇస్నాపూర్, పటాన్‌చెరు వైపు పండుగ పూటో, ఫ్యాక్టరీ వీక్లీ ఆఫ్ రోజో ఐదారుగురు చాప పరుచుకుని 101 ఆటకు కూర్చున్నారంటే ముందుగా తేలాల్సింది 'చీటీ ఎవరు రాస్తరు?' అన్న సంగతే. పేక ఎవరైనా కలుపుతారు, ఎవరైనా పంచుతారు. పెన్ను మాత్రం అందరి చేతికీ ఇవ్వరు. ఆటగాళ్ల గొప్పలు చెప్పుకోవడానికి రాత్రిళ్లు చాలవు గానీ, ఆ పెన్ను పట్టినవాడి విద్య గురించి ఎవరూ మాట్లాడరు. నాకు మాత్రం రమ్మీలో అసలైన కళ అక్కడే కనిపిస్తుంది.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ముక్కలన్నీ కలిపి షో చేసినవాడికి సున్నా. మిగతావాళ్లకు చేతిలో కలవని ముక్కలకు ఎంతైతే అంత. లైఫ్, అంటే జోకర్ లేని సీక్వెన్సు, లేకపోతే చేతిలో ఉన్నదంతా లెక్కకు వస్తుంది, ఎంతైనా 80 దాటదు; ఆ 80నే ఫుల్ కౌంట్ అంటారు. ముక్క తీయకముందే పడేస్తే డ్రాప్, 20. మధ్యలో పడేస్తే 40. మొత్తం 101 చేరినవాడు అవుట్. ఆఖరుకు మిగిలినవాడిదే ఆట. ఇది ఎక్కడో మెక్సికోలో పుట్టి తిరిగి తిరిగి మన అరుగుల మీదికి వచ్చిందంటారు. కాగితం సంగతికొస్తే పాత క్యాలెండర్ వెనకవైపు చాలు.

ఇప్పుడు చీటీలోకి చూడండి. ఒకడిది 40, పక్కవాడిది 41. చూడ్డానికి ఒక్క పాయింటే తేడా. 40 ఉన్నవాడికి ఇంకా మూడు డ్రాపులున్నాయి: 60, 80, 100. 41 ఉన్నవాడికి రెండే. మూడోది వేస్తే 101, బయటికే. అంటే ఆ ఒక్క పాయింటు ఖరీదు ఒక పూర్తి డ్రాపు. తెలిసిన ఆటగాడు 24 మీద ఉండి, ఎదుటివాడు ఇప్పుడో అప్పుడో షో కొట్టేలా ఉన్నాడని పసిగట్టాడనుకోండి. చేతిలో ఒక రాజు (అంటే పది), ఒక ఏడు విడిగా ఉన్నాయి. ఏడును పారేసి ఆరును పట్టుకుంటాడు. దేనికీ కలవని ఆరును ఎందుకు తీశాడా అని చుట్టూ ఉన్నవాళ్లు వింతగా చూస్తారు. షో పడుతుంది. 16 కలిసి 40 అవుతుంది. ఏడే ఉండి ఉంటే 41. ఓడిపోయే చేతిలో కూడా ఒక డ్రాపు మిగుల్చుకున్నాడు. ఈ పని చూసిన ప్రతిసారీ నాకు లేచి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. షో కొట్టడంలో అదృష్టం పాలు ఉంటుంది. ఇందులో లేదు.

అందుకే 101 ఆటను మించింది లేదంటాను. 201 దాకా ఆడేవాళ్లకు ఓపిక ఎక్కువ, పదును తక్కువ. ఇక పాయింట్ రమ్మీ అని ఒక్కో చేతికి అక్కడికక్కడే లెక్క తేల్చుకునేది ఉందే, దాన్ని నేను ఆట అనను. వెనక పడ్డ చేతుల జ్ఞాపకం లేని ఆటలో ఆలోచించడానికి ఏముంది?

చిట్కుల్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. పేరు వద్దన్నారు. కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసి రిటైరయ్యారు. ప్రతి షిఫ్టులో గంట గంటకూ రీడింగ్ రాసిన చెయ్యి అది. ఆయన రాసే చీటీ చూడాలి. చేతికెంత వచ్చిందో రాయరు, కూడిన మొత్తమే రాస్తారు. పాత అంకెను దిద్దరు, ఒక్క అడ్డగీత కొట్టి కింద కొత్తది వేస్తారు. దాంతో ఎవరు ఎక్కడ జారారో పైనుంచి కిందికి కళ్లకు కడుతుంది. డ్రాపుకు పక్కన చుక్క, ఫుల్ కౌంట్‌కు సున్నా చుట్టడం, 81 చేరినవాడి పేరు కింద రెండు గీతలు. రెండు గీతలు పడ్డాయంటే కంపల్సరీ అన్నమాట. డ్రాపు వేసినా అవుటే కాబట్టి ఎంత చెత్త చెయ్యి వచ్చినా ఆడి తీరాలి. ఒకసారి చీటీ మీద టీ ఒలికి అంకెలన్నీ అలుక్కుపోతే, ఆయన ఇంకో కాగితం తీసుకుని ఆరుగురివీ మొదటి చేతి నుంచి మళ్లీ రాసిచ్చారు. ఒక్కరూ కాదనలేదు. ప్రతి పంపకానికి ముందూ మొత్తాలన్నీ గట్టిగా చదువుతారు. "కాకా, నాదెంత?" అని అడగాల్సిన అవసరం ఎవరికీ రాదు.

అలా చదవడంలోనే మనస్తత్వమంతా ఉంది. '93' అని పైకి వినబడ్డవాడి చెయ్యి ఎలా మారుతుందో గమనించండి. కొందరు భయపడి రాజునూ రాణినీ మొదటి రెండు రౌండ్లలోనే పారేస్తారు, వచ్చే సీక్వెన్సు కూడా పోగొట్టుకుంటారు. కొందరు ఎట్లాగూ పోయేదే కదా అని జోకర్ కోసం చివరిదాకా కూర్చుంటారు. '12' విన్నవాడిది ఇంకో జబ్బు. ముందున్నానన్న ధీమాతో, పడేయాల్సిన చేతులు ఆడి ఫుల్ కౌంట్ తింటాడు. ముక్కలు అవే. అంకె మనిషిని మార్చింది. గొప్ప ఆటగాడు ఎదుటివాడి ముక్కలకంటే ముందు ఎదుటివాడి మొత్తాన్ని చదువుతాడు.

ఆ పెద్దాయన దగ్గర చీటీకి మించింది ఇంకొకటి ఉంది, జేబు డైరీ. పైసల ఆట మానేసి చాలా ఏళ్లయింది, ఇప్పుడంతా టీ పందెమే. డైరీ మాత్రం మానలేదు. నాకు చూపించిన పేజీలో తేదీ, ఎవరెవరు కూర్చున్నారు, ఎన్ని గంటలు, వచ్చిందా పోయిందా అన్నవి వరుసగా ఉన్నాయి. చివరి గడిలో రెండు మూడు మాటలు: 'నైట్ షిఫ్ట్ దిగి వచ్చిన', 'కోపంల ఆడిన', 'పదింటికే లేవాలె'. పైసల ఆట ఎందుకు మానేశారంటే ఆయన చెప్పింది ఇదీ: "ఏడాది లెక్క కూడి చూసిన బిడ్డా. గెలిచిన రోజులే ఎక్కువున్నయి. పోయిన పైసలు ఎక్కువున్నయి."

ఈ ఒక్క మాట చుట్టూ పెద్ద పెద్ద పండితులు పుస్తకాలు రాశారు. పోయిన వందకు పడే బాధ, వచ్చిన వందకు కలిగే సంతోషాన్ని మించుతుందని 1979లో కానెమన్, ట్వెర్‌స్కీ సిద్ధాంతం చేశారు. పోగొట్టుకున్నవాడికి అసలు రాబట్టుకునే దారి కనబడితే మామూలుగా తీసుకోని తెగింపు తీసుకుంటాడని 1990లో థేలర్, జాన్సన్ చూపించారు. గెలిస్తే కొంచెంతోనే లేచిపోతాం, పోతే తెల్లారేదాకా లేవం. అందుకే గెలిచిన రోజులు లెక్కకు ఎక్కువ, నష్టం బరువుకు ఎక్కువ. జ్ఞాపకానికి రోజులే గుర్తుంటాయి, కాగితానికి బరువు గుర్తుంటుంది. పోకర్‌తో బతికేవాళ్లు ప్రతి కూర్చున్న పూటకూ గంటలు, పందెం స్థాయి, ఫలితం రాసుకునేది ఇందుకే. వేల చేతులు దాటితే గానీ తమది నేర్పో, ముక్కల చలవో తేలదని వాళ్లకు తెలుసు. ఓటమి మంటలో తెలివి తప్పి ఆడటానికి వాళ్లు 'టిల్ట్' అని పేరు కూడా పెట్టుకున్నారు. ఆట నడుస్తుండగా డబ్బు లెక్కపెట్టొద్దని వాళ్లలో చాలామంది చెబుతారు, లేచాక మాత్రం తప్పక రాయమంటారు. ఆ నియమం మనకూ చక్కగా సరిపోతుంది. ఆడుతున్నంతసేపూ చీటీ చూడాలి, జేబు చూడకూడదు.

స్టూ ఉంగర్ అని అమెరికాలో ఒక మహానుభావుడు ఉండేవాడు. జిన్ రమ్మీలో ఆయనతో కూర్చోవడానికి జనం దొరక్క పోకర్‌కు మళ్లాడు. 1980, 1981, మళ్లీ 1997లో ప్రపంచ పోకర్ సిరీస్ ప్రధాన పోటీ గెలిచాడు. పడ్డ ప్రతి ముక్కా ఆయనకు గుర్తే. తన సొంత లెక్క ఒక్కటే పెట్టుకోలేదు. 1998లో లాస్ వేగాస్‌లో ఒక మోటెల్ గదిలో పోయేనాటికి గెలిచిందంతా కరిగిపోయింది. అంతటి వాడి పక్కన పెన్ను పట్టిన మనిషి ఒక్కడు ఉండి ఉంటే!

మనవాళ్లు దీన్ని ఎప్పుడో చెప్పారు. భారతం అరణ్యపర్వంలోని నలుడి కథలో ఋతుపర్ణ మహారాజు తాని చెట్టు ఆకులూ కాయలూ చూపుతోనే లెక్కగట్టి చెబుతాడు. ఆయన రథం తోలుతున్న నలుడు దిగి లెక్కపెట్టి చూసుకుంటాడు. సరిపోతుంది. అప్పుడు అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, నేర్చుకుంటాడు. నేర్చుకున్న క్షణాన ఒంట్లోని కలి వదిలి పోతాడు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్నవాడికి కలి వదిలింది తపస్సుతో కాదు, లెక్కతో.

రమ్మీలో నేర్పు ఉందని సుప్రీంకోర్టు తేల్చింది కూడా మన దగ్గరి కేసులోనే. సికింద్రాబాద్ క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో, 1967 నవంబర్‌లో, జస్టిస్ హిదాయతుల్లా పడ్డ ముక్కలు గుర్తుపెట్టుకోవడాన్నీ, ఏ ముక్క ఉంచాలో ఏది పారేయాలో తేల్చుకోవడాన్నీ నేర్పుగా ఎంచారు. ఆ తీర్పును అడ్డం పెట్టుకుని ఆన్‌లైన్ రమ్మీ యాపులు బలిశాయి. 2017లో తెలంగాణ చట్టం సవరించి ఆన్‌లైన్ పైసల రమ్మీని మూసేసింది. 2025 ఆగస్టులో కేంద్రం దేశమంతటా పైసల ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నన్నడిగితే ఎప్పుడో చేయాల్సిన పని. తెలంగాణలో మూసేశాక కూడా ఫోన్‌లో లొకేషన్ మార్చి దొంగచాటుగా ఆడిన కుర్రాళ్లు మా పటాన్‌చెరు పారిశ్రామికవాడ గదుల్లో తక్కువమందేం కాదు.

యాపు మీద నా కోపం పైసల గురించి మాత్రమే కాదు. అది మన ఆట వేషం వేసుకుని మన చేతిలోని పెన్ను లాక్కుంది. గెలిస్తే టపాసులు, చప్పట్లు. ఓడితే 'ఇంకో ఆట' బటన్. అప్పటిదాకా మొత్తం ఎంత పోయిందో పెద్దక్షరాల్లో ఎదురుగా పెట్టేది కాదు. పెడితే ఎవడు ఆడేవాడు? అక్కడ మొత్తాన్ని గట్టిగా చదివే కాక లేడు. 'ఇగ లే బిడ్డా' అనే నోరు లేదు. రాత్రి షిఫ్టు దిగి, దుప్పటి కప్పుకుని, ఒంటరిగా, తన లెక్క తనకే తెలియకుండా ఓడిపోయిన పిల్లవాడికి అది ఇచ్చింది రమ్మీ కాదు. ఆ పేరు దానికి తగిలించడమే నేరం.

చిట్కుల్, ఇస్నాపూర్ గదుల్లో ఉంటున్న తమ్ముళ్లారా, ఈ దసరాకు నలుగురు కలిసి కూర్చోండి. పైసలొద్దు, ఓడినవాడు టీ పోయిస్తాడు. క్యాలెండర్ కాగితం, ఒక పెన్ను, మీలో నిదానమైనవాడి చెయ్యి. ఆ పెద్దాయన లాంటివాళ్లు మీ వీధిలోనూ ఉంటారు. 81 కింద రెండు గీతలు ఎందుకో, ఏడు పారేసి ఆరు ఎందుకు పట్టుకోవాలో వాళ్లను అడగండి. అడిగేవాళ్లు లేకనే వాళ్లు ఊరుకున్నారు.