ముద్ర వేరు, తాళం వేరు

విజయనగర రాజుల తామ్రశాసనం చేతికొస్తే పండితులు శ్లోకాలు చూస్తారు. నా కన్ను ముందు ఆఖరి పంక్తి మీద పడుతుంది. శాసనం చాలామటుకు సంస్కృతంలో, నందినాగరి లిపిలో సాగుతుంది. చివరికొచ్చేసరికి లిపి మారిపోయి, మన తెలుగు-కన్నడ అక్షరాల్లో ‘శ్రీ విరూపాక్ష’ అని రాజు చేవ్రాలు కనిపిస్తుంది. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత రాజ్యం పెనుకొండకు తరలింది. ఆ తర్వాత పాలించిన ఆరవీటి వంశంలో రెండో వేంకటపతి రాయల కాలానికి ఈ చేవ్రాలు ‘శ్రీ వేంకటేశ’ అయింది. శాసనపు రాగిరేకులన్నిటికీ ఒక కన్నం, అందులో ఒక కడియం, కడియం కొసలు కలిసేచోట ముద్ర. ఒక రేకు తీసేయాలన్నా, మరొకటి దూర్చాలన్నా కడియం కోయాల్సిందే. కోస్తే ఆ కోత దాగదు. రాసినవాడి పేరు, చెక్కినవాడి పేరు కూడా శాసనంలోనే ఉంటాయి. ఆ వేంకటపతి రాయల 1601 నాటి విళపాక శాసనాన్ని రచించింది కామకోటి కొడుకు రాముడు, చెక్కింది గణపయ కొడుకు కామయాచార్యుడు.

ఇంత కట్టుదిట్టం చేసినవాళ్లు శాసనంలోని మాటను మాత్రం దాచలేదు. ఇచ్చిన దానం ఊరందరికీ తెలియాలి కదా. ఎవరిచ్చారు, మధ్యలో ఎవరైనా మార్చారా అన్నదే వాళ్ల దిగులు. ముద్ర చేసే పని అది. ఇతరులు చదవకుండా చూడటం తాళం పని. కంప్యూటర్ల మధ్య నడిచే నేటి ఉత్తరాల్లో ఈ రెండు పనులూ ఉన్నాయి. చాలామంది రెంటినీ ఒకటే అనుకుంటారు. తాళం పడింది కాబట్టి భద్రమే అనుకుని ముద్రను పట్టించుకోరు.

ముందు ముద్ర సంగతి. హిందూపురం పారిశ్రామికవాడలో సరుకెక్కించుకున్న లారీ కాసేపట్లో కర్ణాటకలో అడుగుపెడుతుంది. డ్రైవరు చేతిలోని ఇన్‌వాయిస్ మీద చదరపు క్యూఆర్ కోడ్, దాంతోపాటు 64 అక్షరాల ఐఆర్‌ఎన్ (ఇన్‌వాయిస్ గుర్తింపు సంఖ్య) ఉంటాయి. 2020 అక్టోబరు 1న రూ. 500 కోట్ల టర్నోవరు దాటిన కంపెనీలతో మొదలైన ఈ-ఇన్‌వాయిస్ మెట్టుమెట్టుగా దిగి, 2023 ఆగస్టు 1 నుంచి రూ. 5 కోట్లు దాటినవాళ్లకూ వచ్చింది. ధర్మవరంలో చీర కొనుక్కునే పెళ్లివారికి దీంతో పని లేదు. హైదరాబాదు, బెంగళూరు షోరూములకు బేళ్లు పంపే పెద్ద పట్టు వ్యాపారికి మాత్రం ఇది తప్పదు.

ఆ 64 అక్షరాలను చూసి బిల్లు మొత్తానికి కాపలా ఉందనుకుంటారు. నిజానికి ఐఆర్‌ఎన్ తయారయ్యేది నాలుగు ముక్కల నుంచే: అమ్మినవారి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, పత్రం రకం, పత్రం నంబరు. వీటిని షా-256 అనే లెక్కలో వేస్తే ఆ వరస వస్తుంది. బిల్లు విలువ అందులో లేనే లేదు. అదే నంబరుతో రెండో బిల్లు పుట్టకుండా ఐఆర్‌ఎన్ ఆపుతుంది, అంతే. విలువకు కాపలా క్యూఆర్ కోడ్‌లో ఉంది. అమ్మినవారు, కొన్నవారు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం, వస్తువులెన్ని, ప్రధాన వస్తువు రకాన్ని చెప్పే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, ఐఆర్‌ఎన్ అన్నీ చేర్చి, ఈ-ఇన్‌వాయిస్ పోర్టల్ తన దగ్గర మాత్రమే ఉండే ప్రైవేటు కీతో సంతకం పెట్టి వెనక్కి పంపుతుంది. దానికి జతగా, సంతకాన్ని సరిచూసే పబ్లిక్ కీ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. క్యూఆర్ కోడ్‌ను చదివే వెరిఫై యాప్‌లో అది ముందే ఉంటుంది కనుక, సిగ్నల్ అందని చోట కూడా ఫోను పెట్టి చూడొచ్చు. కోడ్‌లోని మొత్తంలో ఒక్క సున్నా మార్చినా సంతకం పొసగదు. మార్చిన మొత్తం కాగితం మీదే అచ్చయి ఉంటే? యాప్ అసలు అంకె చూపిస్తుంది. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాల్సింది మాత్రం మనిషే. సరుకు దించుకునేవాళ్లలో ఆ పని చేసేవాళ్లు ఎందరో మీరే చూసుకోండి.

ఇక తాళం సంగతి. వ్యాపారి సాఫ్ట్‌వేర్ ముందుగా 32 బైట్ల తాత్కాలిక తాళంచెవి ఒకటి తయారుచేసుకుంటుంది. దాన్ని యూజర్ పేరు, పాస్‌వర్డ్‌లతో కలిపి పోర్టల్ పబ్లిక్ కీతో మూసి పంపుతుంది. పోర్టల్ తప్ప ఇంకెవరూ దాన్ని విప్పలేరు. పోర్టల్ ఒక టోకెన్ ఇస్తుంది, ఇంకో కొత్త తాళంచెవిని ఆ మొదటి తాళంచెవితో మూసి ఇస్తుంది. ఆ తర్వాత బిల్లులన్నీ ఈ కొత్తదాంతో, ఏఈఎస్-256 పద్ధతిలో మూసుకుని వెళ్తాయి. ఆరు గంటలకు టోకెన్ గడువు తీరుతుంది, తతంగం మళ్లీ మొదలు. బిల్లునే నేరుగా పబ్లిక్ కీతో మూయకూడదా అంటే, కుదరదు. ఆ పబ్లిక్ కీ ఆర్‌ఎస్‌ఏ అనే పద్ధతిది. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ వాడుకలో ఉన్న పాత పద్ధతిలో ఒకసారికి 245 బైట్లే మోయగలదు, పైగా నెమ్మది. అందుకే బరువైన సరుకును ఏఈఎస్ మోస్తుంది, ఆర్‌ఎస్‌ఏ దాని తాళంచెవిని చేరుస్తుంది.

ఇదే ఏర్పాటు ధర్మవరంలో చేనేత పెన్షను అందుకునే పెద్దాయన వేలి కిందా నడుస్తోంది. ఆధార్ కోసం తీసిన వేలిముద్ర మిషనులోనే ఏఈఎస్ తాళంలో పడుతుంది. ఆ తాళంచెవి ఆధార్ నడిపే యూఐడీఏఐ పబ్లిక్ కీతో మూసుకుంటుంది. ఇలా మూసిన మూటను మధ్యలోని సంస్థ తన సంతకం పెట్టి పైకి పంపుతుంది. అంటే ఇక్కడ ముందు తాళం, తర్వాత ముద్ర. లోపల ఏముందో చూడకుండానే ‘ఇది మా ద్వారా వచ్చింది’ అని హామీ ఇవ్వడం ఆ సంస్థ వంతు కనుక ఈ వరస సరిపోయింది.

అన్నిచోట్లా ఈ వరస సరిపోదు. ఎక్స్‌ఎంఎల్ సందేశాలకు ప్రమాణాల సంస్థ ఓయాసిస్ 2004లో తెచ్చిన డబ్ల్యూఎస్-సెక్యూరిటీ ప్రమాణంలో ముందు ఏది, తర్వాత ఏది అన్నది సెట్టింగులో మనమే చెప్పాలి. దాని పాలసీ భాషలో ఏమీ చెప్పకపోతే ముందు సంతకం, తర్వాత తాళం. నాకూ అదే నచ్చుతుంది. ఏం రాశానో చూసుకుని సంతకం పెట్టడం, తర్వాత కవరు మూయడం అన్నమాట. రెండు వైపులా వరస ఒకటే ఉండాలి, లేకపోతే అవతల అంతా చెత్తగా కనిపిస్తుంది. సందేశంలో దేని మీద సంతకం ఉందో కూడా స్పష్టంగా రాయాలి. సందేశపు ఒంటి మీదే సంతకం పెట్టి, తలలో ఉండే చిరునామాను, సమయాన్ని వదిలేస్తే, సంతకమున్న ఒంటిని దొంగ తలకు అతికించవచ్చు. కడియానికి ఎక్కని రేకు లాంటిది అది.

సమయం మీద సంతకం ఎందుకంటే, నిన్న పట్టుకున్న నిజమైన సందేశాన్నే ఈరోజు మళ్లీ పంపి మోసం చేయొచ్చు. దాని సంతకంలో ఏ లోపమూ ఉండదు. అందుకే గడువు పెడతారు; చాలా సాఫ్ట్‌వేర్లలో మామూలుగా 5 నిమిషాలు. కొత్తగా సర్వీసు కలిపేవాళ్లు సగం రోజు సర్టిఫికెట్లతో కుస్తీ పట్టాక తేలేది, తమ కంప్యూటర్ గడియారం తప్పు నడుస్తోందని. ఆధార్ మిషను 562 అని ఎర్రరు చూపిస్తే వేలిముద్రలో తప్పేమీ లేదు, మిషను గడియారం ముందుకు పోయిందని అర్థం. టైము ఇంటర్నెట్ నుంచి దానంతటదే సరిచూసుకునేలా పెట్టడం ఒక్క నిమిషం పని.

ఈ లెక్కలన్నీ ప్రైవేటు కీ ఎవరి చేతిలో ఉందన్నదాని మీదే నిలబడ్డాయి. 2000 నాటి ఐటీ చట్టం డిజిటల్ సంతకానికి చట్టబద్ధత ఇస్తూనే, 42వ సెక్షన్‌లో ఆ కీని జాగ్రత్తగా తన అదుపులో ఉంచుకునే బాధ్యత సంతకందారు మీదే పెట్టింది. కీ చేజారితే ఆలస్యం చేయకుండా సర్టిఫికెట్ ఇచ్చినవారికి చెప్పాలనీ అంది. కంపెనీల రిటర్నులకు, టెండర్లకు వాడే డీఎస్సీ (డిజిటల్ సంతకం సర్టిఫికెట్) టోకెన్ పెన్‌డ్రైవ్‌లాగే ఉంటుంది కానీ, లోపలి కీ కాపీ చేయడానికి బయటికి రాదు. ఇంత చేసి, ఏ ఆడిటరు ఆఫీసు సొరుగు లాగినా ఖాతాదార్ల టోకెన్లు రబ్బరు బ్యాండు వేసి ఉంటాయి, వాటి మీద స్టిక్కర్లు, స్టిక్కర్ల మీద పిన్ నంబర్లు. వెసులుబాటు కోసమే, ఎవరి మీదా అనుమానం అక్కర్లేదు. కానీ రేపు కోర్టులో ‘ఆ సంతకం నేను పెట్టలేదు’ అంటే ఆ మాట నిలబెట్టుకోవడం కష్టం. టోకెన్ ఆఫీసులోనే ఉంచాల్సి వస్తే, పిన్ మార్చి మీరే గుర్తుపెట్టుకోండి. సంతకం కావాల్సిన రోజు వెళ్లి మీరే టైపు చేయండి.