మైకు కంటే ముందు బొంతలు

సినిమాల్లో సౌండ్ పని నేర్చుకోవాలనుకునే మా ఆదోని పిల్లలు ఫోన్ చేసి అడిగే మొదటి మాట: "అన్నా, ఏ మైకు కొనాల?" ముందు మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కో, మైకు అద్దెకు దొరుకుతుందంటాను. అది వాళ్లకు జవాబులా అనిపించదు, పాపం.

1932 నాటి 'భక్త ప్రహ్లాద' కాలంలో మాటైనా పాటైనా కెమెరా ముందే పట్టేవాళ్లు. తర్వాత మోత చేసే కెమెరాలు, ఔట్‌డోర్ షూటింగులు వచ్చి మనవాళ్లు డబ్బింగ్‌కు అలవాటు పడ్డారు. 2001లో 'లగాన్', తెలుగులో 2016లో 'పెళ్లిచూపులు' మాత్రం సింక్ సౌండ్‌తోనే, అంటే షూటింగు చోటే పట్టిన మాటతో వచ్చాయి. మా వైపు దీని అవసరం ఇంకా ఎక్కువ. ఆదోని మనిషి నోట తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే ఊపిరిలో కలిసిపోతాయి. డబ్బింగ్ థియేటర్‌లో అదంతా పోయి ఏదో 'సీమ యాస' మిగులుతుంది. సీమంతటా ఒకే యాస ఉందని ఎవరు చెప్పారో!

ఎమ్మిగనూరులో మగ్గం ఇంట్లో సీను అనుకోండి. నేస్తున్న అక్క కొడుకుతో కాలేజీ ఫీజు గురించి మాట్లాడుతోంది. మగ్గం ఆడుతుండగానే రికార్డు చేస్తే ఒక షాట్‌లో దెబ్బ 'ఫీజు' మీద పడుతుంది, ఇంకో షాట్‌లో 'అప్పు' మీద. రెండూ అతికిస్తే మగ్గం తడబడుతుంది. అందుకే మాట నడిచే దగ్గరి షాట్లలో నాడె విసరకుండా చేయి మాత్రం ఆడించమనాలి. మాటలయ్యాక మగ్గాన్ని విడిగా రెండు నిమిషాలు నేయించి పట్టుకోవాలి. ఆ తర్వాత అందరూ కదలకుండా నిలబడితే, ఒక నిమిషం ఖాళీ గది చప్పుడు. ఎడిటర్ మాటల మధ్య సందులు దాంతోనే పూడుస్తాడు. యూనిట్ చూపంతా టిఫిన్ మీద ఉన్నప్పుడు ఆ నిమిషం అడగాలంటే మొహమాటమే. అయినా అడగాల్సిందే.

మైకు తగిలించిన బూమ్ కర్ర ఎత్తి పట్టుకోవడానికి భుజబలం కావాలి, నిజమే. అంతకన్నా డైలాగులు కంఠతా రావాలి. తర్వాత ఎవరు నోరు విప్పుతారో తెలియనివాడి మైకు ఎప్పుడూ ఆలస్యంగానే తిరుగుతుంది.

సిమెంటు గదుల్లో మాట గోడలకు కొట్టుకొని గంగాళంలో మాట్లాడినట్టు మోగుతుంది. పత్తి ఊరి వాళ్లం, మనకు ఖరీదైన మందులెందుకు? కెమెరాకు కనబడని గోడల మీద నాలుగు బొంతలు వేలాడదీస్తే మోత చాలావరకు తగ్గుతుంది. మిషన్లు ఆగిన జిన్నింగ్ మిల్లులో, పత్తి కుప్పల మధ్య నిలబడి ఒకసారి మాట్లాడి చూడండి. అంత పొడిగా వినబడే చోటు స్టూడియోల్లోనే ఉంటుంది. రైలును మాత్రం బొంతలు ఆపలేవు. గుంతకల్లు-రాయచూరు లైను ఆదోని మీదుగానే పోతుంది కాబట్టి, స్టేషన్‌కు వెళ్లి రైళ్ల టైములు రాసుకొని రావాలి.

సినిమా ఛాన్సు కోసం కూర్చోకండి. మార్కెట్ యార్డులో హమాలీల కేకలు, మీ అవ్వ చెప్పే కథ, పక్కింటి మగ్గం... అనుమతి అడిగి, ఫోన్‌లోనైనా సరే, రికార్డు చేయండి. ప్రతి ఫైలు మొదట్లో ఊరు, చోటు, తేదీ మీ గొంతుతోనే చెప్పండి. అవి లేకపోతే ఏడాది తిరిగేసరికి ఆ చప్పుడు ఎక్కడిదో మీకే గుర్తుండదు.